కొత్త వెర్షన్ వచ్చాకే ప్రాజెక్టు మొదలుపెడతామంటున్నారు, ఆగవచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి గుంటూరులో బీటెక్ సీఎస్‌ఈ ఫైనలియర్ చదువుతోంది. మిరప ఆకు ఫోటో తీస్తే తెగులు ఏమిటో చెప్పే యాప్‌ను ప్రాజెక్టుగా తీసుకున్నారు. టీమ్‌లో నలుగురు. పైథాన్ కొత్త వెర్షన్ అక్టోబరులో వస్తుందట, అది స్పీడుగా ఉంటుందట, వచ్చాక మొదలుపెడదామని ఆగారు. సెప్టెంబరు వచ్చేసింది. నవంబరులో మొదటి రివ్యూ. నేను మిరప వేసే రైతును, కంప్యూటర్ సంగతులు తెలియవు. ఇది నిజమేనా, సాకా? ఉద్యోగం విషయంలో దెబ్బతింటుందేమోనని టెన్షన్‌గా ఉంది.
– ఒక తండ్రి, పల్నాడు జిల్లా

జవాబు: మీ అమ్మాయి అబద్ధం చెప్పడం లేదండీ. పైథాన్ అంటే ప్రోగ్రాములు రాసే ఒక కంప్యూటర్ భాష. దాని కొత్త వెర్షన్ ఏటా అక్టోబరులోనే వస్తుంది. 3.9 దగ్గర్నుంచి ఆ పద్ధతి పెట్టుకున్నారు. తేదీ కూడా దాదాపు తప్పరు. 2024లో 3.13 అక్టోబరు 1న రావాల్సింది. వాడేసిన మెమరీని ఖాళీ చేసే భాగంలో చేసిన ఒక మార్పు కొన్ని ప్రోగ్రాములను నెమ్మది చేస్తోందని చివర్లో తెలిసింది. ఆ మార్పు తీసేసి 7వ తేదీన విడుదల చేశారు. అంటే వారం ఆలస్యం, అంతే. కాబట్టి అక్టోబరు అన్న మాట గాలి కబురు కాదు.

తేడా ఎక్కడొచ్చిందంటే, వీళ్ల ప్రాజెక్టు ఒక్క పైథాన్ మీద నడవదు. ఫోటో చూసి తెగులు గుర్తుపట్టే పనికి చాలామంది స్టూడెంట్లు టెన్సర్‌ఫ్లో అనే గూగుల్ లైబ్రరీ, అంటే ముందే రాసి పెట్టిన ప్రోగ్రాముల కట్ట, వాడతారు. పైథాన్ వచ్చిన రోజే అది సిద్ధంగా ఉండదు. పైథాన్ 3.12 వచ్చింది 2023 అక్టోబరు 2న. దాని మీద టెన్సర్‌ఫ్లో ఎక్కింది 2.16 వెర్షన్‌తో, 2024 మార్చిలో. ఆ మధ్య ఐదు నెలలు ఎంతమంది పిల్లలు ఇన్‌స్టాల్ కొట్టి, ‘నో మ్యాచింగ్ డిస్ట్రిబ్యూషన్ ఫౌండ్’ (దీనికి సరిపోయే వెర్షన్ దొరకలేదు) అన్న ఎర్ర లైను చూసి, లాప్‌టాప్ పాడైందనుకుని నాకు ఫోన్ చేశారో! ఈసారీ అలాగే జరిగితే, పైథాన్ అక్టోబరులో వచ్చినా ప్రాజెక్టు మొదలయ్యేసరికి ఫైనల్ వైవా వచ్చి కూర్చుంటుంది.

ఇక స్పీడు సంగతి. టెన్సర్‌ఫ్లో లోపల బరువు పనంతా సీ ప్లస్ ప్లస్ అనే వేరే భాషలో రాసి ఉంటుంది, జీపీయూ (భారీ లెక్కలు వేగంగా చేసే చిప్) ఉంటే దాని మీద నడుస్తుంది. పైథాన్ పైనుంచి పురమాయిస్తుందంతే. పైథాన్ కాస్త వేగం పెరిగినంత మాత్రాన మోడల్ ట్రైనింగ్‌కు, అంటే ఫోటోలు చూపించి యాప్‌కు తెగుళ్లు నేర్పడానికి, పట్టే గంటల్లో చెప్పుకోదగ్గ తేడా రాదు. ఆగినందుకు దక్కేది ఇంతే.

వీళ్ల తప్పును నేను తేలిగ్గా తీసెయ్యలేను, ఎందుకంటే నేనూ చేశాను. కౌన్సెలింగ్‌లోకి రాకముందు హైదరాబాద్‌లో ఒక కంపెనీలో జావా అనే మరో కంప్యూటర్ భాషలో ప్రాజెక్టులు చేసేదాన్ని. జావా 9లో మాడ్యూల్స్ అనే, పెద్ద ప్రోగ్రామును విడి భాగాలుగా కట్టుకునే కొత్త సదుపాయం వస్తుందని, మా ప్లాన్ ఎక్సెల్ షీటులో ‘జావా 9 వచ్చాక’ అని ఒక కాలమ్ పెట్టుకున్నాం. అందులో పద్నాలుగు పనులు. మొదట చెప్పిన తేదీ 2016 సెప్టెంబరు. తర్వాత 2017 మార్చి అన్నారు. ఆ తర్వాత జులై. మే నెలలో జావా ప్రమాణాలు చూసే కమిటీ ఆ మాడ్యూల్స్ ప్రతిపాదనకే వ్యతిరేకంగా ఓటు వేసింది, సవరించి మళ్లీ పెడితే ఒప్పుకుంది. చివరికి 2017 సెప్టెంబరు 21న వచ్చింది. తేదీ మారినప్పుడల్లా ఆ కాలమ్ రంగు మార్చడం నా పని. పసుపు, నారింజ, ఎరుపు. నాలుగో రంగు వెతుక్కునే లోపే క్లయింట్ విసిగిపోయి, ఉన్నదాని మీద ఇవ్వండన్నాడు. జావా 8 మీదే మూడు వారాల్లో ఇచ్చేశాం. పద్నాలుగు పనుల్లో పదకొండుకు అసలు జావా 9 అవసరమే లేదని అప్పుడు తేలింది.

అప్పట్లో జావా వాళ్లు అనుకున్న ఫీచరు పూర్తయ్యాకే వెర్షన్ ఇచ్చేవారు. ఆ మాడ్యూల్స్ నిజానికి జావా 7లోనే రావాలి. 8కి జరిగి, అక్కణ్నుంచి 9కి జరిగాయి. 9 తర్వాత పద్ధతి మార్చారు. ఇప్పుడు ఏటా మార్చిలో ఒకటి, సెప్టెంబరులో ఒకటి వస్తాయి. తయారైనది ఎక్కుతుంది, కానిది తర్వాతి దానికి ఆగుతుంది. పైథాన్‌దీ ఇదే దారి. ఇలా తేదీకి కట్టుబడే టూల్‌లో మనకు కావాల్సిన ఫీచరు జారిపోవచ్చు. ఫీచరుకు కట్టుబడే దాంట్లో తేదీ జారిపోతుంది. రెండూ ఖాయంగా ఇచ్చే టూల్ నేను చూడలేదు. పేరు కూడా మారిపోవచ్చు. ఫోన్‌లో మోడల్ నడపడానికి వాడే టెన్సర్‌ఫ్లో లైట్‌ను 2024 సెప్టెంబరులో లైట్‌ఆర్‌టీ అని మార్చారు. పాపం, ఆ ఏడాది రిపోర్టులో ఏ పేరు రాయాలని అడిగినవాళ్లున్నారు.

ఈ కింది పేరా అమ్మాయికి ఫోన్‌లో పంపండి.

చూడమ్మా, టెన్సర్‌ఫ్లో ఇన్‌స్టాల్ పేజీలో అది ఏయే పైథాన్ వెర్షన్ల మీద నడుస్తుందో రాసి ఉంటుంది. వాటిలో అన్నిటికన్నా కొత్తది వదిలేసి, దాని ముందుది తీసుకో. ఒక్కో పైథాన్ వెర్షన్‌కు ఐదేళ్లు సపోర్టు ఉంటుంది, కాబట్టి పాతబడిపోతుందన్న బెంగ వద్దు. నలుగురి లాప్‌టాప్‌లలో అదే వెర్షన్ ఉండాలి, ప్రాజెక్టుకు వేరే వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ పెట్టండి. రిక్వైర్‌మెంట్స్ ఫైల్లో లైబ్రరీ పేరు ఒక్కటే రాస్తే చాలదు, పక్కన వెర్షన్ నంబరు కూడా రాయండి. కోలాబ్‌లో చేస్తుంటే ఇంకో జాగ్రత్త. అక్కడి పైథాన్‌ను గూగుల్ తన వీలును బట్టి మారుస్తుంది. డెమో రోజు పొద్దున్నే మారిందనుకో, ఏం చేస్తావు? అందుకే ఒక లాప్‌టాప్‌లో కూడా నడిచేలా పెట్టుకో. అక్టోబరులో కొత్తది వస్తే సరదాగా చూడు, ఎవరొద్దన్నారు! గిట్‌లో వేరే బ్రాంచి తెరిచి ఒక్క రోజు ప్రయత్నించు. నడిస్తే మంచిదే, నడవకపోతే ఏ ఎర్రర్ వచ్చిందో రాసి పెట్టుకుని ఆ బ్రాంచిని అక్కడే వదిలెయ్. రివ్యూకు రెండు వారాల ముందు మాత్రం దేన్నీ అప్‌డేట్ చెయ్యకు.

ఉద్యోగం గురించి అడిగారు కదండీ. ఫ్రెషర్ ఇంటర్వ్యూల్లో ప్రాజెక్టు మీద ప్రశ్నలు తప్పవు. నేను మాక్ ఇంటర్వ్యూ పెట్టినప్పుడల్లా ‘ఏ వెర్షన్ వాడారు, అదే ఎందుకు?’ అని అడుగుతాను. చాలామంది ‘లేటెస్ట్ మేడమ్’ అని నవ్వేస్తారు. పోయినసారి ఒకబ్బాయి మాత్రం, కొత్తది పెట్టి చూశాం, ఫలానా లైబ్రరీ ఎక్కలేదు, రివ్యూ దగ్గరపడిందని పాతదానికి వచ్చాం అని ఆ ఎర్రర్ లైనుతో సహా చెప్పాడు. పక్కన కూర్చున్న సీనియర్ ఇంజినీరు కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. మీ అమ్మాయి పోగొట్టుకున్న నెల వల్ల ఉద్యోగం పోదు. ఆ నెల ఎందుకు పోయిందో ఇలా చెప్పగలిగితే అదే పనికొస్తుంది.

అసలు ఈ ప్రాజెక్టులో ఆగనిది ఒకటుంది, అది మీకే బాగా తెలుసు. పంట. మొక్కల తెగుళ్ల ఫోటోలకు పిల్లలు సాధారణంగా ప్లాంట్‌విలేజ్ అనే సెట్ వాడతారు. అందులో 54 వేల పైచిలుకు ఫోటోలున్నా, మన మిరప లేదు, బెంగళూరు మిర్చి మాత్రమే ఉంది. ఆకును కోసి సాదా పలక మీద పెట్టి తీసిన ఫోటోలవి. చేలో ఎండకు, దుమ్ములో, ఒకదాని మీద ఒకటి పడిన ఆకుల్ని తీస్తే అలా నేర్చుకున్న మోడల్ తికమకపడుతుంది. మన ఆకుల ఫోటోలు వీళ్లే తీసుకోవాలి, అదీ తోట మీద ఆకు ఉండగానే. పైథాన్ ఏ నెలలోనైనా డౌన్‌లోడ్ అవుతుంది.

వచ్చే ఆదివారం పిల్లలు నలుగుర్నీ మీ చేనికి రమ్మనండి. తామర పురుగుతో వచ్చే పై ముడత ఏదో, తెల్లనల్లితో వచ్చే కింది ముడత ఏదో, బొబ్బర ఏదో మీరే మొక్క దగ్గర నిలబడి చూపించండి. ఒక్కో రకానికి ఒక్కో ఫోల్డరు పెట్టి, పొద్దున కొన్ని, మిట్టమధ్యాహ్నం కొన్ని తీయమనండి. మీకూ అనుమానంగా ఉన్న ఆకులను విడిగా కవర్లో వేసి, గుంటూరు దగ్గర లాం ఫామ్‌లో (వ్యవసాయ పరిశోధన కేంద్రం) శాస్త్రవేత్తలకు చూపించి పేరు రాయించుకోమనండి.