సంతకం పెట్టే ముందు నాకు చూపించు

చిట్టీ,

నిన్న సాయంత్రం మీ అమ్మ ఫోన్ చేసి పావుగంట సేపు పక్కింటి వాళ్ల గురించి మాట్లాడింది. అలా మాట్లాడిందంటే ఏదో దాస్తోందని నాకు తెలుసు. చివరికి బయటపెట్టింది. నువ్వు ఉద్యోగం మానేస్తున్నావట, ప్లాటు అమ్మి సినిమా తీస్తావట, "పెద్దమ్మకి ఇప్పుడే చెప్పకు" అన్నావట. ఎందుకన్నావో తెలుసులే. రాత్రి ఒంటిగంట దాకా నిద్ర పట్టలేదు నాకు. సగం భయంతో. మిగతా సగం చెబితే నెత్తినెక్కి కూర్చుంటావు గానీ, మన ఇంటి ఆడపిల్ల పేరు మళ్లీ టైటిల్స్‌లో 'నిర్మాత' అని పడుతుందన్న సంబరంతో.

మామూలు మాటలు ముందు చెప్పేస్తాను. కథ మొత్తం కాగితం మీదికి రాకుండా ముహూర్తం పెట్టకు. టైటిల్ ఫిల్మ్ ఛాంబర్‌లో రిజిస్టర్ చేయించు. పబ్లిసిటీ డబ్బు మొదటి రోజే పక్కన పెట్టు, చివర్లో మిగలదు. లైట్‌మెన్‌కి రోజు ఖర్చుల బేటా ఏ రోజుది ఆ రోజే ఇచ్చెయ్. ఖాళీ చెక్కు సొంత తమ్ముడికి కూడా ఇవ్వకు. నైట్ షూటింగ్ అయ్యాక, నిద్ర లేని డ్రైవర్‌తో యూనిట్ వ్యాన్ పంపించకు. నవ్వకు, ఈ చివరిది అన్నిటికంటే ముఖ్యం.

ఇవన్నీ నీకు తెలుసు. ఆరేళ్లు స్టూడియోలో కూర్చుని ఊళ్లోవాళ్ల బడ్జెట్లలో తప్పులు పట్టినదానివి. నా భయం కూడా అక్కడే ఉంది. ఆ కుర్చీలో కాగితం నీ దగ్గరికి వచ్చేసరికి లీగల్ వాళ్లు నలుగురు చదివి ఉండేవారు. సినిమా పోతే నీకు ఆ ఏడు ఇంక్రిమెంట్ పోయేది, అంతే. స్టూడియో అంటే అదే కదా, ఒకటి పోయినా ఇంకొకటి మోస్తుంది. మేం మద్రాసు వెళ్లిన కొత్తలో వడపళనిలో విజయా వాహినీ ఫ్లోర్లు చూపించారు మీ పెదనాన్న. నాగిరెడ్డి, చక్రపాణి గార్లు ఆర్టిస్టులకి కూడా నెలజీతాలిచ్చి నడిపిన కంపెనీ అది. అంత సంస్థ కాబట్టే 'పాతాళభైరవి', 'మాయాబజార్' తీయగలిగారు. ఇప్పుడు ఆ స్థలంలో ఆసుపత్రి ఉంది, మాల్ ఉంది. నీకు ఫ్లోరూ లేదు, లీగల్ డిపార్ట్‌మెంటూ లేదు. నువ్వూ, నీ పెన్నూ.

నా కథ నీకు ముక్కలు ముక్కలుగా తెలుసు. పూర్తిగా ఎవరికీ చెప్పలేదు, మీ అమ్మకి కూడా.

పెదనాన్న బ్యానర్ నా పేరు మీద పెట్టారు. నా జాతకం బాగుందట. ఇన్‌కమ్ టాక్సు సంగతి కూడా ఉందనుకో, అది ఇప్పుడెందుకు. 1978లో మొదటి సినిమా వంద రోజులు ఆడింది. ఆ షీల్డుతోనే నువ్వు చిన్నప్పుడు వంటింట్లో ఆడుకునేదానివి. రెండోది 1981లో మొదలుపెట్టాం. 45 రోజుల్లో అయిపోవాల్సిన షూటింగ్, హీరో కాల్షీట్లు అటూ ఇటూ అయి 80 రోజులకి పాకింది. మూడు రూపాయల వడ్డీకి డబ్బు తెచ్చారు. ఆ ఫైనాన్షియర్ ల్యాబ్ లెటర్ అడిగాడు.

నీ తరానికి ల్యాబ్ లెటర్ తెలియకపోవచ్చు. అప్పట్లో సినిమా అసలు రీలు, అంటే నెగటివ్, ల్యాబ్‌లోనే ఉండేది. ఫలానా ఆయన సరే అనేదాకా దీన్నుంచి ఒక్క ప్రింటు కూడా తియ్యొద్దని నిర్మాత ల్యాబ్‌కి రాసిచ్చే కాగితం అది. అప్పు తీరితేనే డబ్బాలు బయటికొస్తాయి. అందరూ ఇచ్చేవాళ్లే.

టీ నగర్ ఇంట్లో ఓ సాయంత్రం రుబ్బురోలు దగ్గర కూర్చుని దోసెల పిండి రుబ్బుతున్నాను. పెదనాన్న వచ్చి పక్కనే గొంతుక్కూర్చుని, కాగితాలు మోకాలి మీద పెట్టుకుని "ఇక్కడ, ఇక్కడ" అన్నారు. పైన రాసిందంతా ఆయన అరచేతి కింద ఉంది. దాచాలని కాదు, ఫ్యాను గాలికి ఎగిరిపోకుండా అదిమి పట్టుకున్నారు. అంతా ఇంగ్లీషు. నాది ఎనిమిదో తరగతి. చెయ్యి కొంగుకి తుడుచుకుని ఐదు చోట్ల సంతకాలు పెట్టాను. మూడో పేజీ అంచుకి పిండి అంటుకుంది. "ఏంటివి?" అని అడిగాను, అడగలేదనుకోకు. "మామూలువే" అన్నారు. ఆయనకీ అంతే తెలుసు పాపం. ఆయనా చదవలేదు.

ఆ మూడో పేజీలో ఉంది అసలు సంగతి. రెండో సినిమా అప్పుకి హామీగా మొదటి సినిమా నెగటివ్ కూడా రాసి ఉంది. గడువులోగా తీర్చకపోతే దాని సర్వహక్కులూ 99 ఏళ్లపాటు ఆ ఫైనాన్షియర్‌వి. కాపీరైటే అప్పట్లో 50 ఏళ్లు, తర్వాతెప్పుడో 60 చేశారు. మావి కాని ఏళ్లు కూడా రాసిచ్చేశామన్నమాట.

రెండో సినిమా రెండో వారం దాటలేదు. దాంతోపాటు పైసా బాకీ లేని మొదటి సినిమా కూడా పోయింది. పోయిందని మాకు తెలిసింది రెండేళ్లకి, మళ్లీ విడుదల చేద్దామని ప్రింట్ల కోసం ల్యాబ్‌కి వెళ్లినప్పుడు. లాయరు జిరాక్స్ తెప్పించి నా ముందు పెట్టాడు. మూడో పేజీ అంచున పిండి మరక నల్లగా పడింది. ఆయన సిరా అనుకున్నాడు. నేనేం చెప్పలేదు.

1995లో తెలుగులో ప్రైవేటు చానళ్లు మొదలయ్యాక, పాత సినిమాలకి శాటిలైట్ రైట్స్ అని ఓ ధర పుట్టింది. మన సినిమా ఇప్పటికీ ఎప్పుడో ఓ ఆదివారం మధ్యాహ్నం వస్తుంటుంది. "అక్కా, నీ పేరు పడింది" అని మీ అమ్మ ఫోన్ చేస్తుంది. పడుతుంది, పేరు ఎవరూ తీసెయ్యలేదు. అది వస్తుంటే పెదనాన్న లేచి బాల్కనీలోకి వెళ్లిపోయేవారు. పోయేదాకా అంతే. ఆయన్ని నేను ఒక్క మాట అనలేదు. ఒకసారైనా గట్టిగా పోట్లాడి ఉంటే ఆయనకి కాస్త తేలికయ్యేదేమో.

ఆ తర్వాత నిఘంటువు పక్కన పెట్టుకుని ఇంగ్లీషు నేర్చుకున్నాను. మొదట చదివింది 1957 కాపీరైట్ చట్టం. ఆ చట్టం లెక్కలో సినిమాకి కర్త నిర్మాతేనమ్మా, దర్శకుడు కాదు. హక్కులు ఎవరికైనా రాసిచ్చినప్పుడు గడువు వెయ్యకపోతే 5 ఏళ్లనీ, ప్రాంతం వెయ్యకపోతే భారతదేశం వరకేననీ అనుకోవాలని కూడా ఉంది. అందుకే కాగితం తయారు చేసేవాడు ఆ రెండూ ఎప్పటికీ మర్చిపోడు. 'ఇప్పుడున్నవీ, ఇకముందు రాబోయేవీ అన్ని మాధ్యమాలు' అన్న ముక్క ఎక్కడ కనిపించినా ఆగు. ఆ ముక్క కొట్టేయించు, లేదా దానికి విడిగా డబ్బు అడుగు. 1981లో టీవీ చానళ్లు వస్తాయని మాకేం తెలుసు? నీ తర్వాత ఏమొస్తుందో నీకూ తెలీదు.

ఇప్పుడు నెగటివ్ లేదంటావు. లేదు. థియేటర్‌కి హార్డ్ డిస్క్ వెళ్తుంది, దాన్ని తెరిచే కీ వెళ్తుంది. శుక్రవారం విడుదలనగా గురువారం రాత్రి ఫైనాన్స్ క్లియర్ కాక ఆ కీ ఆగిపోతే అది ల్యాబ్ లెటర్ కాక మరేంటి? అప్పు తీసుకోవద్దని నేననను, అప్పు లేకుండా సినిమా ఎవరు తీశారు గనక. ఈ సినిమా అప్పులోకి ఇంకో సినిమాని గానీ, ఇంటిని గానీ లాగే లైను కనిపిస్తే మాత్రం పెన్ను కింద పెట్టెయ్. వ్యక్తిగత హామీ అడిగితే, కంపెనీ ఎందుకు పెట్టుకున్నానండీ అని అడుగు.

నీకు అందరూ రామానాయుడు గారి కథే చెబుతారు. వరసగా దెబ్బలు తిని, 1971లో ఉన్నదంతా 'ప్రేమ్‌నగర్' మీద పెట్టారని, ఆ తర్వాత వందకి పైగా సినిమాలు తీసి ఫాల్కే అవార్డు దాకా వెళ్లారని. గొప్ప మనిషే, కాదనను. ఆ సినిమా ఆడింది కాబట్టి ఆ కథ నీదాకా వచ్చింది. ఆడనివాళ్ల కథలు ఇలా ఉత్తరాల్లోనే ఉంటాయి.

ప్లాటు అమ్ముకో, అది నీ కష్టార్జితం. అమ్మ ఇంటి కాగితాలు మాత్రం ముట్టుకోకు. నువ్వు వెళ్లి "ఇక్కడ, ఇక్కడ" అంటే ఆ పిచ్చిది కూడా చదవకుండా పెట్టేస్తుంది. నాకంటే ఎక్కువ చదువుకుంది గానీ నీ విషయంలో నాకంటే అన్యాయం.

కథేంటో మీ అమ్మ సరిగ్గా చెప్పలేకపోయింది. ఎవరో పోస్ట్‌మాస్టరట, ఏదో నదట. నాకు నచ్చేలాగే ఉంది. ఆదివారం భోజనానికి రా, నువ్వే చెప్పు. వచ్చేటప్పుడు ఆ ఫైనాన్స్ అగ్రిమెంట్ జిరాక్స్ కూడా పట్టుకురా, పేజీలన్నీ ఉండాలి. కళ్లజోడు మార్పించాను, చిన్న అక్షరాలు ఇప్పుడు బాగానే కనిపిస్తున్నాయి.

మీ పెద్దమ్మ