శిల్పాల తోటలో విరాళాల విందు

చి. అమ్ములుకి,

పెద్దమ్మ ఆశీస్సులు. మీ శిల్పాల తోట పాతికేళ్ల పండగకి గాలా (విరాళాల విందు) కమిటీ బాధ్యత నీ నెత్తిన పెట్టారని మీ అమ్మ చెప్పింది. న్యూజెర్సీ, సెప్టెంబరు మధ్య శనివారం, 200 మంది. అడ్వాన్సులు ఇవ్వకముందే ఇది ఒకసారి చదువు.

టికెట్ల డబ్బు తిండికీ టెంటుకీ సంగీతానికీ సరిపోతే అదే గొప్ప. తోటకి మిగిలేది స్పాన్సర్ల నుంచీ, ఆ రాత్రి మైకులో అడిగే విరాళాల నుంచీ రావాలి. ఈ రెండూ ముందే కుదుర్చుకోవాల్సినవి. ఆరు నెలల ముందు స్పాన్సర్లని అడగడం మొదలుపెట్టు. ఆహ్వానాలు అచ్చుకి వెళ్లేలోపు మొత్తం ఖర్చులో సగానికైనా రాతపూర్వకంగా మాట రాకపోతే మెనూ తగ్గించు, బ్యాండు మానెయ్.

తేదీ ఖాయం చేసేముందు యూదుల రోష్ హషానా, యోమ్ కిప్పుర్ ఎప్పుడొచ్చాయో చూడు. మనవాళ్లని కూడా పిలుస్తావు కాబట్టి వినాయక చవితి, బతుకమ్మ కూడా. ఆ రోజుల్లో అక్కడ పొద్దు ఏడు దాటిన కాసేపటికే గుంకుతుంది. కాబట్టి గేటు 5:30కే తెరిచి, ఏడింటికల్లా అందర్నీ టెంటులో కూర్చోబెట్టు. "ఆరున్నర నుంచి" అని కార్డులో వేస్తే వచ్చేసరికే చీకటి పడుతుంది, తోట చూడకుండానే తిని వెళ్లిపోతారు. తోట చూడనివాళ్లు తోటకి ఎందుకిస్తారు? గడ్డిలో నడవాలని కూడా కార్డులోనే రాయి, సన్నటి హీల్సు దిగబడిపోతాయి.

ఆ కార్డు మీద శిల్పం ఫోటో వేయాలని అందరికీ సరదా. శిల్పం తోటదే కావచ్చు గాని, కాపీరైట్ సాధారణంగా శిల్పి దగ్గరో వారసుల దగ్గరో ఉంటుంది. భవనాల ఫోటోలకి అమెరికా చట్టంలో ఉన్న మినహాయింపు శిల్పాలకి లేదు. ముందు రాతపూర్వక అనుమతి, తర్వాతే అచ్చు. శిల్పం మీద రంగుల బొమ్మలు ప్రొజెక్టరుతో వేద్దామనీ గుడ్డ చుడదామనీ డెకరేటర్ అంటే ఒప్పుకోకు. 1990 నాటి విజువల్ ఆర్టిస్ట్స్ రైట్స్ యాక్ట్ కింద, తన పేరుకి మచ్చ తెచ్చేలా పనిని వికృతం చేశారని శిల్పి అభ్యంతరం చెప్పొచ్చు. మనవాళ్లకి విగ్రహం కనిపిస్తే దండ వేయాలనిపిస్తుంది. అదీ వద్దు, దండలో తీగ గీరుతుంది.

ఇక అసలు భయపడాల్సింది తాగే గ్లాసులకి. పాలరాయి అంటే కాల్షియం కార్బొనేటే. వైన్‌లోనూ నిమ్మరసంలోనూ ఉన్న ఆమ్లం దాన్ని తినేస్తుంది, పైగా ఎర్ర వైన్ అయితే మరక కూడా పడుతుంది. కంచు బొమ్మల పైపూత మీద మైనం పొర ఉంటుంది. బాణాలూ నంబర్లూ అంటించిన టేపు పీకితే మైనం కూడా దాంతోనే ఊడొస్తుంది. తుప్పురంగు కోర్టెన్ ఉక్కుకి పట్టుచీర తగిలితే చీరకి నష్టం. అందుకని బార్‌ని ఏ శిల్పానికైనా 25 అడుగుల దూరంలో పెట్టించు. ఎక్కువ ప్రమాదం మనిషంత ఎత్తున్న బొమ్మలతో. హామిల్టన్‌లో 42 ఎకరాల గ్రౌండ్స్ ఫర్ స్కల్ప్చర్‌లో సీవర్డ్ జాన్సన్ చేసిన కంచు మనుషుల్లాంటివి మీకూ ఉంటే, ఫోటో కోసం పక్కన కూర్చుని చేతిలో గ్లాసు బొమ్మ ఒళ్లో పెట్టేస్తారు. "ముట్టుకోవద్దు" బోర్డు కన్నా పక్కన చిన్న బల్ల వేయడం మేలు, గ్లాసు పెట్టే చోటుంటే అక్కడే పెడతారు. నాలుగు శిల్పాలకి ఒక వాలంటీరు, చేతిలో పొడి తెల్ల మెత్తటి గుడ్డ. ఒలికితే అద్దాలి, రుద్దకూడదు. సబ్బు, స్ప్రే ఏదీ వద్దు, వెంటనే కన్జర్వేటర్‌కి, అంటే శిల్పాలు బాగుచేసే నిపుణుడికి, ఫోన్. విందుకి ముందురోజు ప్రతి శిల్పాన్నీ నాలుగు వైపులా ఫోటోలు తీయించు.

టెంటు మేకులు దిగేముందు 811కి, అంటే నేల తవ్వేముందు భూమిలోని లైన్లు గుర్తు పెట్టించుకునే నంబరుకి, కనీసం 3 పనిదినాల ముందు ఫోన్ చేయాలి. వాళ్లు గ్యాసు, కరెంటు కంపెనీల లైన్లే గుర్తు పెడతారు. తోట వేసుకున్న స్ప్రింక్లర్ పైపులూ దీపాల తీగలూ మీ తోటమాలే జెండాలు పాతి చూపించాలి. అదే ఊపులో స్ప్రింక్లర్ టైమరు రెండు రోజుల ముందు ఆపించు. నేల గట్టిపడుతుంది, ఎనిమిదింటికి అతిథుల మీద నీళ్లు చిమ్మవు. స్పాన్సర్లకి "పదిమంది టేబుల్" అమ్మి 60 అంగుళాల గుండ్రటి బల్లలు తెప్పించడం మామూలుగా జరిగే పొరపాటు. వాటికి 8 మందే సుఖం. పదిమందికి 72 అంగుళాలవి కావాలి. అలాంటివి 20, చిన్న స్టేజీ వేస్తే 40కి 80 అడుగుల టెంటు నిండిపోతుంది. డాన్సు కూడా కావాలంటే ఇంకో 20 అడుగులు పొడిగించు. ఉరుము వినిపిస్తే టెంటు రక్షణ కాదు. పక్కా భవనంలోకి పంపాలి, చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలు ఆగాలి. ఆ భవనం తాళాలు ఎవరి దగ్గరున్నాయో ముందే తెలుసుకో.

కరెంటు దగ్గర ఒక్క విషయం గుర్తుంచుకో. 120 వోల్టుల, 20 ఆంపుల సర్క్యూట్ 2,400 వాట్లది. గంటలకొద్దీ వాడితే 1,920 దాటకూడదు. 100 కప్పుల కాఫీ డ్రమ్ము ఒక్కటే దాదాపు 1,500 లాగుతుంది. రెండు ఒకే లైనుకి తగిలిస్తే బ్రేకర్ పడిపోతుంది. కాఫీ పెట్టేదీ, నువ్వు విరాళాలు అడిగేదీ ఇంచుమించు ఒకే వేళ కాబట్టి మైకుకి వేరే లైను ఇప్పించు.

ఆ అడగడం ఇలా. భోజనం మెయిన్ కోర్సు అవుతుండగా, స్వీటుకి ముందు. స్వీటు పడ్డాక సగం మంది కార్ల వైపు చూస్తారు. నిశ్శబ్ద వేలం (వస్తువు పక్క కాగితం మీద ధర రాసే వేలం) పెడితే దానికి అరగంట ముందే మూసెయ్. ఎత్తి చూపడానికి అందరి దగ్గరా నంబరున్న కార్డు ఉండాలి. 10,000 డాలర్లతో మొదలుపెట్టి 5,000, 2,500, 1,000, 500, 250, 100కి దిగాలి. కింది నుంచి పైకి పోతే వెయ్యి ఇవ్వగలిగినవాళ్లు వందకే చెయ్యెత్తి ఊరుకుంటారు. పై రెండు మెట్లకీ చెయ్యెత్తేవాళ్లని ముందే మాట్లాడి ఉంచు, మొదటి పిలుపుకి ఎవరూ కదలకపోతే టెంటు మొత్తం ఉత్సాహం చల్లబడిపోతుంది. ఇద్దరు నంబర్లు చూసి పైకి చదవాలి, ఇద్దరు విడివిడిగా రాయాలి, చివర్లో రెండు జాబితాలూ సరిచూడాలి. మొత్తం 20 నిమిషాలు. చైర్మన్ గారి ప్రసంగం అయిదు నిమిషాలు మించితే నువ్వే కరెంటు తీసెయ్.

పన్ను సంగతి. 300 డాలర్ల టికెట్‌లో విందు విలువ 120 అయితే కొన్నవాళ్లకి పన్ను మినహాయింపుకి వచ్చేది 180. క్యాటరర్ ఉచితంగా పెట్టినా ఆ 120 తీసెయ్యాల్సిందే. 75 డాలర్లు దాటిన టికెట్‌కి ఈ లెక్క రాసి ఇవ్వాలి. ఇవ్వకపోతే సంస్థకి ఒక్కోదానికి 10 డాలర్ల చొప్పున, ఒక కార్యక్రమానికి 5,000 దాకా జరిమానా. రాఫిల్ (లాటరీలా టికెట్లమ్మి బహుమతి తీయడం) పెట్టాలంటే న్యూజెర్సీలో ముందే లైసెన్సు కావాలి, ఆ టికెట్లకి పన్ను మినహాయింపు లేదు. మన ఐటీ పిల్లల్ని కంపెనీ మ్యాచింగ్ (ఉద్యోగి ఇచ్చిన విరాళానికి కంపెనీ కూడా జతచేసి ఇవ్వడం) గురించి తప్పకుండా అడుగు. రసీదు చేతికి రాకపోతే వాళ్లు ఆ ఫారం నింపరు కాబట్టి, రసీదులు రెండు రోజుల్లో పంపు.

మర్నాడు పొద్దున్నే ముందురోజు ఫోటోలు పట్టుకుని తోటంతా నడువు, శిల్పం పక్కన ఫోటో పెట్టి చూడు. తర్వాత నలుగురు వరసగా నిలబడి గడ్డిలో గాజుముక్కలూ టూత్‌పిక్కులూ ఏరండి. అది అయ్యేదాకా గడ్డి కోసే మిషన్ తాళం తోటమాలికి ఇవ్వకు.

ఆశీస్సులతో,
పెద్దమ్మ