‘డిడ్ నాట్ వెంట్’ ఎందుకు తప్పు? ‘కుడ్ హావ్ గాన్’లో హావ్ ఎందుకు హాడ్ కాదు?

‘ఐ డిడ్ నాట్ వెంట్’, ‘ఐ వాంటెడ్ టు వెంట్’, ‘హీ కుడ్ హాడ్ గాన్’ అని రాస్తే సార్ మూడూ కొట్టేశారని, జరిగిపోయిన సంగతికి పాస్ట్ టెన్స్ పెడితే తప్పేంటని మీరు అడిగారు. హనుమకొండలో పోటీ పరీక్షల పిల్లలకు చాలా ఏళ్లుగా ఇంగ్లీషు గ్రామర్ చెబుతున్నాను. తెలుగు మీడియంలో చదివి వచ్చినవాళ్లు దాదాపు అందరూ అడిగే ప్రశ్న ఇది. మీ మూడు వాక్యాలకూ జవాబు ఒకటే.

ఒకే కర్తకు రెండు మూడు క్రియలు గొలుసుగా వస్తే, కాలం గుర్తు వాటిలో ఒక్కదానికే పడుతుంది. తెలుగులో అది చివరి క్రియకు పడుతుంది, ఇంగ్లీషులో మొదటి క్రియకు. ‘మేడారం పోవాలనుకున్నాను’ అంటాం. నిన్నటి సంగతి అని చెప్పేది చివరనున్న ‘అనుకున్నాను’. ‘పోవాలి’ని మనం ముట్టుకోం. ఇంగ్లీషులో ‘ఐ వాంటెడ్ టు గో’. ఇక్కడ ముందున్న ‘వాంటెడ్’ కాలాన్ని తీసుకుంది కాబట్టి ‘గో’ అలాగే ఉండిపోయింది.

‘డిడ్ నాట్’ సంగతీ అంతే. ‘వచ్చాను’కు వ్యతిరేకం చెప్పమంటే మీరు ‘వచ్చాలేదు’ అనరు, ‘రాలేదు’ అంటారు. మన వైపు మాటల్లో ‘నిన్న రాలే’. ఆ ‘రా’లో నిన్నా లేదు, రేపూ లేదు. రాగలను, రావచ్చు, రావాలి, రాకూడదు అన్నీ దాని మీదే కట్టుకున్నాం. ఇంగ్లీషులో ఆ పని చేసేదే ఇన్ఫినిటివ్, అంటే కాలం గుర్తు పడని క్రియ మూల రూపం. ‘డిడ్ నాట్ కమ్’లో ‘కమ్’ మారకపోవడం, ‘రాలేదు’లో ‘రా’ మారకపోవడం ఒకే రకం పని. ‘డిడ్ తర్వాత వీ-వన్ (క్రియ మొదటి రూపం), బట్టీ పట్టండి’ అని చెప్పి వదిలేసే క్లాసులంటే నాకు బాధ. పిల్లల నోట్లో ఉన్న తెలుగే ఆ సూత్రాన్ని పాటిస్తుంటే, తెలుగు వల్లే ఇంగ్లీషు రావట్లేదని వాళ్లను నమ్మిస్తున్నాం.

ఇప్పుడు మోడల్స్, అంటే చేయగలగడం, చేయొచ్చు, చేయాలి లాంటి అర్థాలిచ్చే సహాయక క్రియలు. కెన్, కుడ్, విల్, వుడ్, షల్, షుడ్, మే, మైట్, మస్ట్. వీటి తర్వాత క్రియ మూల రూపంలోనే వస్తుంది, మధ్యలో ‘టు’ రాదు. ‘హీ కెన్స్’ అని ఎందుకు అనరో చాలామంది ఆలోచించరు. కెన్, మే, షల్ వేల ఏళ్ల కిందట పాస్ట్ రూపాలుగా పుట్టి, తర్వాత వర్తమానం అర్థంలో స్థిరపడ్డాయి. పాస్ట్ రూపానికి ‘ఎస్’ చేరదు కదా, ఆ అలవాటు ఇప్పటికీ మిగిలింది. ‘విల్’ పుట్టుక వేరు, కానీ అదీ వీటి దారిలోకే వచ్చింది. కుడ్, వుడ్, షుడ్, మైట్ ఆ తర్వాత వాటికి ఏర్పడిన పాస్ట్ రూపాలు. ‘మస్ట్’ అయితే ఒకప్పటి పాస్ట్ రూపమే. ఇప్పుడు దానికి వేరే పాస్ట్ లేదు కాబట్టి ‘పోవాల్సి వచ్చింది’ అనాలంటే ‘హాడ్ టు గో’ అంటాం.

చిక్కంతా ఇక్కడుంది. కుడ్, మైట్, షుడ్ పుట్టుకకు పాస్ట్ రూపాలే అయినా ఈరోజు ‘మైట్ గో’ అంటే ‘వెళ్ళొచ్చు’ అనే, రేపటి సంగతే. మరి అయిపోయిన దాని గురించి ఊహించాలంటే? మోడల్ తనకు తానుగా ఇంకో పాస్ట్‌లోకి మారదు. దాని వెనకొచ్చే క్రియ మూల రూపం దాటదు. అందుకని మధ్యలోకి ‘హావ్’ను తెచ్చి, అసలు క్రియను మూడో రూపంలో (గో, వెంట్, గాన్‌లలో ‘గాన్’) పెడతారు. ‘హావ్’ మోడల్ వెనకే నిలబడింది కాబట్టి అది హాడ్ కాదు, కర్త ‘హీ’ అయినా హాజ్ కాదు. మీ మూడో వాక్యం తప్పు కావడానికి కారణం ఇదే.

దీన్ని తెలుగు పక్కన పెట్టి చూడండి. వెళ్ళి, ఉండ, వచ్చు. మైట్, హావ్, గాన్. మూడు ముక్కలకు మూడు ముక్కలు, వరస మాత్రం తిరగబడింది. ‘వెళ్ళి ఉండాల్సింది’ అంటే ‘షుడ్ హావ్ గాన్’. ‘వెళ్ళే ఉంటాడు’ అని గట్టిగా అనుకుంటే ‘మస్ట్ హావ్ గాన్’. ‘వెళ్ళగలిగేవాడే, వెళ్ళలేదు’ అంటే ‘కుడ్ హావ్ గాన్’. ఈ నాలుగూ బోర్డు మీద రాసి తెలుగు వైపు వెనక నుంచి చదివిస్తాను. ఆ తర్వాత ‘కుడ్ హాడ్’ రాసేవాళ్లు చాలా తగ్గిపోతారు. ‘టు’ తర్వాత కూడా ఇదే ఉపాయం. ‘వెళ్ళిపోయినట్టున్నాడు’ అంటే ‘హీ సీమ్స్ టు హావ్ లెఫ్ట్’.

కానీ ‘ఒక్క గుర్తే’ అనే మాటను గొలుసు దాటించి వాడకండి. ‘మా నాన్న ఏనుమాముల మార్కెట్‌కు పోయి, పత్తి అమ్మి, ఇంటికొచ్చాడు’ అంటాం. పోయి, అమ్మి అన్నవాటికి సొంత కాలం లేదు, ‘వచ్చాడు’ ఒక్కటే మొత్తం మోస్తుంది. ఈ అలవాటుతోనే పిల్లలు ‘హీ గో టు ద మార్కెట్, సెల్ ద కాటన్ అండ్ కేమ్ హోమ్’ అని రాస్తారు. ఇంగ్లీషులో ఇవి గొలుసు కాదు, పక్కపక్కన నిలబడ్డ మూడు వేర్వేరు పనులు. అందుకే వెంట్, సోల్డ్, కేమ్ అని మూడింటికీ గుర్తు పడాలి. నా దృష్టిలో తెలుగువాళ్లు నిజంగా టైమ్ పెట్టి నేర్చుకోవాల్సింది ఇదే, డిడ్ సంగతి కంటే. ‘వస్తానన్నాడు’ దగ్గర కూడా జాగ్రత్త. మనం ‘వస్తాను’ను అలాగే ఉంచుతాం, వాళ్లు ‘హీ సెడ్ హీ వుడ్ కమ్’ అని విల్‌ను వుడ్ చేస్తారు.

‘కుడ్’ వాడేటప్పుడు ఇంకో సంగతి. కాజీపేటలో పరుగెత్తి రైలు అందుకున్నారనుకోండి. ఒకసారి ప్రయత్నించి సాధించిన పనికి ‘ఐ కుడ్ క్యాచ్ ద ట్రైన్’ అనరు. ‘ఐ వాజ్ ఏబుల్ టు క్యాచ్’ లేదా ‘మేనేజ్డ్ టు క్యాచ్’ అంటారు. అందుకోలేకపోతే మాత్రం ‘కుడ్ నాట్ క్యాచ్’ సరిపోతుంది. చిన్నప్పుడు ఈత వచ్చేది అన్నట్టు ఎప్పుడూ ఉండే సామర్థ్యమైతే ‘కుడ్ స్విమ్’ చక్కగా కుదురుతుంది.

‘టు’ ఎక్కడ పెట్టాలని చివర్లో అడిగారు. మోడల్స్‌లాగే పనిచేసేవాటిలో ‘ఆట్’కు మాత్రం టు కావాలి, ‘ఆట్ టు గో’. ‘లెట్’, ‘మేక్’ తర్వాత టు ఉండదు, కాబట్టి ‘షీ మేడ్ మీ వెయిట్’. దాన్నే పాసివ్‌లోకి, అంటే పని ఎవరి మీద జరిగిందో వాళ్లను కర్త స్థానంలో పెట్టి, మారిస్తే టు తిరిగొస్తుంది, ‘ఐ వాజ్ మేడ్ టు వెయిట్’. ‘హెల్ప్’ తర్వాత పెట్టినా పెట్టకపోయినా తప్పు లేదు. ‘యూజ్డ్ టు’కు డిడ్ నాట్ తగిలిస్తే పాత సూత్రమే, కాలం డిడ్‌కు పోతుంది కాబట్టి ‘డిడ్ నాట్ యూజ్ టు’ అని రాయండి.