పాత గుళ్లకు డిజిటల్ ట్విన్: సివిల్ చదివే అమ్మాయికి దారి ఉందా?

ప్రశ్న: మాది హనుమకొండ. మా అమ్మాయి బీటెక్ సివిల్ మూడో సంవత్సరం. తోటి పిల్లలంతా సాఫ్ట్‌వేర్ కోచింగులకు వెళ్తుంటే తనేమో పాత కట్టడాలకు 'డిజిటల్ ట్విన్' చేసే పనిలోకి వెళ్తానంటోంది. ఒకచోట 6 నెలల ఆన్‌లైన్ కోర్సుకు రూ.80 వేలు అడుగుతున్నారు. కట్టమంటారా? గుళ్లు కొలిస్తే అన్నం పెడుతుందా?

జవాబు: ముందు ఆ 80 వేలు ఆపండి.

అమ్మాయి చెప్పేది మాత్రం గాలిమాట కాదు. లేజర్ స్కానర్‌తో ఒక కట్టడాన్ని కోట్ల కొద్దీ చుక్కలుగా కొలిచి కంప్యూటర్‌లో నిలబెడితే అది త్రీడీ మోడల్. అక్కడితో ఆగితే అదీ ఒక ఫొటోలాంటిదే. గోడ ఎంత వంగింది, పగులు ఎంత విచ్చుకుంది, తేమ ఎంత చేరింది అనేవి సెన్సర్లు ఎప్పటికప్పుడు పంపుతుంటే, మోడల్ కూడా వాటితో పాటు మారుతుంటే అప్పుడది ట్విన్. వెనకటి ఇంజనీర్లు పగులుకు అడ్డంగా గాజు ముక్క అతికించి, పక్కన తేదీ రాసి వెళ్లిపోయేవారు. మళ్లీ వచ్చేసరికి గాజు విరిగితే పగులు ఇంకా కదులుతోందని లెక్క. ట్విన్‌కు తాత ఆ గాజు ముక్కే.

పారిస్‌లోని నోటర్‌డామ్ చర్చి 2019 ఏప్రిల్ 15న తగలబడింది. పైకప్పు పోయింది, శిఖరం కూలింది. దాన్ని అంతకు చాలా ఏళ్ల ముందే ఆండ్రూ టాలన్ అనే ఆయన లేజర్‌తో కొలిచి పెట్టారు. పునర్నిర్మాణంలో ఆ కొలతలు అక్కరకొచ్చాయి. 2024 డిసెంబర్‌లో చర్చి మళ్లీ తెరుచుకుంది. టాలన్ ఇంజనీరు కాదు, కళాచరిత్ర పంతులు. ఏ స్తంభాన్ని ఎందుకు చూడాలో తెలిసిన మనిషి.

అంత దూరం ఎందుకు, మీ ఊళ్లోని వేయిస్తంభాల గుడి కళ్యాణమండపం సంగతి మీకు తెలియనిదా? రాయి రాయి విప్పి, ఏళ్ల తరబడి అలాగే ఉంచి, చివరికి 2024 మార్చిలో తెరిచారు. ఏ రాయి ఎక్కడ కూర్చోవాలన్న లెక్క తప్పితే ఏమవుతుందో వరంగల్ వాళ్లకు నేను చెప్పాలా! రామప్ప గుడిలాగే దీని పునాదిలోనూ ఇసుకే. పైన శిల్పాన్ని ఎంత అందంగా స్కాన్ చేసినా, కింద ఇసుక కుంగుతోందా అన్న ప్రశ్న తట్టేది సివిల్ చదివిన బుర్రకే.

అందుకే నేను చెప్పేది ఒక్కటే: సాఫ్ట్‌వేర్ రెండో మెట్టు, కట్టడం మొదటిది. 2019 మేలో చార్మినార్ మినార్ నుంచి గచ్చు పెళ్ల ఊడిపడింది. అలాంటి చోట డంగు సున్నం మీద సిమెంటు పూస్తే లోపలి తేమ బయటికి రాక పక్కనున్న పాత గచ్చు పాడవుతుంది. తెరమీద రెండూ తెల్ల మచ్చలే. తేడా చెప్పగలిగిన వాళ్లకే ఇక్కడ విలువ.

ఇక చదువు. కన్సర్వేషన్‌లో, అంటే పాత కట్టడాల పరిరక్షణలో, ఎం.ఆర్క్ చేయాలంటే బి.ఆర్క్ ఉండాలి, కాబట్టి ఆ తలుపు మీకు లేదు. సివిల్ వాళ్లకు రెండు దారులు. గేట్ రాసి స్ట్రక్చరల్ ఇంజనీరింగ్, లేదంటే జియోమాటిక్స్ (నేలనూ కట్టడాలనూ కొలిచి మ్యాపులు, మోడళ్లు చేసే చదువు). గేట్‌లో 2022 నుంచి జియోమాటిక్స్‌కు విడిగా పేపరే ఉంది. ఐఐటీ రూర్కీలో ఈ కోర్సు ఉంది. ఐఐటీ మద్రాసులో పాత కట్టడాల భద్రత కోసం ప్రత్యేక కేంద్రమే నడుస్తోంది. విదేశాలంటే పోర్చుగల్‌లోని మిన్హో విశ్వవిద్యాలయం మరికొన్ని యూనివర్సిటీలతో కలిసి చారిత్రక కట్టడాల స్ట్రక్చరల్ విశ్లేషణలో మాస్టర్స్ నడుపుతోంది.

జీతం సంగతి దాచను. పాత కట్టడాల పనిలో మొదట్లో వచ్చేది సాఫ్ట్‌వేర్ జీతం కంటే తక్కువే. పనులు కూడా ప్రాజెక్టును బట్టి వస్తాయి, పోతాయి. కానీ ఇదే స్కానింగ్ పని వంతెనలకూ మెట్రోకూ ఫ్యాక్టరీలకూ కావాలి. గుడి పని దొరకని ఏడాది ఖాళీగా కూర్చోవలసిన పనిలేదు.

ఈ సెలవుల్లో అమ్మాయికి ఒక పని పెట్టండి. పురావస్తు శాఖ రక్షణలో ఉన్నవాటి జోలికి వద్దు, అక్కడ ట్రైపాడ్‌కూ డ్రోన్‌కూ అనుమతులు కావాలి. దగ్గర్లో ఏ పాత గడీయో మెట్లబావో చూసుకుని, సొంతదారును అడిగి, ఫోన్‌తో 200–300 ఫొటోలు తీయమనండి. ప్రతి ఫొటోలో ముందు ఫొటోలోని ముప్పావు భాగం మళ్లీ కనిపించాలి. ఒక గోడ పొడవును టేపుతో కొలిచి రాసుకోవాలి, లేకపోతే మోడల్‌కు స్కేల్ ఉండదు. ఫొటోలను త్రీడీ మోడల్‌గా మార్చే మెష్‌రూమ్, రెండు మోడళ్ల తేడా చూపే క్లౌడ్‌కంపేర్, ఈ రెండు సాఫ్ట్‌వేర్లూ ఉచితమే. వానలకు ముందోసారి, తర్వాతోసారి చేసి రెండింటినీ పోల్చమనండి. సన్న పగుళ్లు ఫోన్‌కు చిక్కవు. ఏది చిక్కింది, ఏది చిక్కలేదు అన్నది తనే రాసుకుంటే, రేపు ఇంటర్వ్యూలో చూపించడానికి సర్టిఫికెట్ కంటే అదే నయం.

అంతా అయ్యాక కూడా ఆ కోర్సు వాళ్లు ఫోన్ చేస్తే ఒక్క మాట అడగండి: అమ్మాయి చేతికి స్కానర్ ఎన్ని రోజులు ఇస్తారు?