పరాయి సైన్యం ఒక దేశంలో ఎలా దిగుతుంది, వద్దంటే వెళ్తుందా?

స్వతంత్ర రాజ్యం అయ్యుండి ఇంకొకళ్ళ సైన్యాన్ని తన గడ్డ మీద ఎందుకు ఉండనిస్తుంది, వద్దంటే వాళ్ళు వెళ్ళిపోతారా అని అడిగారు. అమెరికా సైన్యం ఉన్న జపాన్, జర్మనీల దాకా పోనక్కర్లేదు, సికింద్రాబాద్ చాలు. మా సొంతూరు అనంతపురం జిల్లా, పెరిగింది అల్వాల్‌లో, ఈ రెండిటికీ మీ ప్రశ్నతో సంబంధం ఉంది. స్కూల్లో సైన్య సహకార పద్ధతి (ఇక్కడి రాజు తన రాజ్యంలో ఈస్టిండియా కంపెనీ సైన్యాన్ని ఉంచుకోవడం) అని మాతో బట్టీ పట్టించారు గానీ డబ్బు ఎవరు కట్టారో చెప్పలేదు, అసలు సంగతంతా అక్కడే ఉంది.

హైదరాబాద్ నిజాం దీనికి ఎందుకు ఒప్పుకున్నాడంటే భయం. 1795లో ఖర్దా దగ్గర నిజాం అలీఖాన్ మరాఠాల చేతిలో ఓడిపోయాడు, ఇంకో పక్క టిప్పు సుల్తాన్. అప్పటికి ఆయన దగ్గర ఫ్రెంచివాళ్ళు నడిపే పటాలం ఉండేది (దాన్ని పెంచిన ఫ్రెంచి సేనాని రేమండ్ సమాధి మలక్‌పేట వైపు ఇప్పటికీ ఉంది, చూసి రండి). 1798 సెప్టెంబర్ ఒప్పందంలో ఆ పటాలాన్ని తీసేయాలని కంపెనీ షరతు పెట్టింది, అక్టోబర్‌లో వాళ్ళ ఆయుధాలు లాగేసుకున్నారు. బదులుగా కంపెనీవి ఆరు బెటాలియన్లు, ఏడాదికి 24 లక్షల రూపాయల పైన ఖర్చు, కట్టేది నిజాం. వాచ్‌మన్ జీతం మనమిస్తాం, వాడు మాత్రం పక్కింటాయన చెప్పిందే చేస్తాడు, అంతే.

రెండేళ్ళకే, 1800లో, సైన్యాన్ని ఇంకా పెంచారు. ఈసారి నగదు కాదు, నేల. మైసూరు యుద్ధాల్లో తన వాటాకు వచ్చిన బళ్ళారి, అనంతపురం, కడప ప్రాంతాలను నిజాం శాశ్వతంగా రాసిచ్చేశాడు. దత్త మండలాలు అంటారే, అవి. మా ముత్తాతల ముత్తాతలు శిస్తు కంపెనీ కలెక్టర్ మన్రో కచేరీలో కట్టాల్సి వచ్చింది ఇందుకే, అంటే హుస్సేన్ సాగర్ అవతల దండుకి తిండి పెట్టింది రాయలసీమ రైతన్నమాట. పైగా కంపెనీని అడగకుండా ఇంకే రాజ్యంతోనూ మాట్లాడకూడదు. ఇక సార్వభౌమత్వం ఎక్కడుంది?

ఆ దండు ఉన్న చోటే 1806లో అప్పటి నిజాం సికందర్ జా పేరు మీద సికింద్రాబాద్ అయింది. దోమకీ మలేరియాకీ ఉన్న లింకు రోనాల్డ్ రాస్ 1897లో కనిపెట్టింది కూడా ఇక్కడ సైన్యంలో డాక్టరుగా ఉన్నప్పుడే. మా నాన్న ఇల్లు కొందామని తిరుగుతుంటే కంటోన్మెంట్‌లో ఒక పాత బంగళా చవగ్గా వస్తోందన్నారు, తీరా చూస్తే అది ఓల్డ్ గ్రాంట్, కట్టడం మనది, నేల సర్కారుది. తెల్లవాళ్ళు పోయినా వాళ్ళ రూలు పోలేదు. అందుకే అల్వాల్ వచ్చి పడ్డాం.

దీనికన్నా ఘోరం హైదరాబాద్ కంటింజెంట్. 1800 ఒప్పందంలో లేని సైన్యం ఇది. పేరు నిజాంది, జీతం నిజాంది, ఆఫీసర్లు ఇంగ్లీషువాళ్ళు, మాట చెల్లేది రెసిడెంట్‌ది, అంటే నిజాం దగ్గర ఉండే కంపెనీ ప్రతినిధిది. దివాన్ చందూలాల్ కాలంలో పామర్ కంపెనీ అనే వడ్డీ వ్యాపార సంస్థ దగ్గర భారీ వడ్డీకి అప్పులు చేసి మరీ జీతాలిచ్చారు, తర్వాత బకాయిలు పెరిగి ఈస్టిండియా కంపెనీకే బాకీ పడ్డారు, చివరికి 1853లో బేరార్ (ఇప్పటి మహారాష్ట్ర విదర్భ వైపు) కంపెనీ చేతికి వెళ్ళింది. 1860లో 50 లక్షల బాకీ మాఫీ చేశారు, రాయచూరు దోఆబ్ వెనక్కి ఇచ్చారు, మంచి పత్తి పండే బేరార్ మాత్రం వదల్లేదు. 1902లో వైస్రాయ్ కర్జన్ దాన్ని ఏడాదికి 25 లక్షలకి శాశ్వత లీజుగా రాయించుకున్నాడు.

వద్దంటే వెళ్తారా అంటే, 1948 చూడండి. (భారత సైన్యం పరాయిదని నేననట్లేదు, ఒప్పందాల లెక్క చెప్తున్నా.) నిజాంకీ ఢిల్లీకీ మధ్య యథాతథ ఒప్పందం (ప్రస్తుతానికి ఉన్నది ఉన్నట్టే కొనసాగాలని) అయ్యాక ఆ ఏడాది మొదట్లో భారత సైన్యం సికింద్రాబాద్ ఖాళీ చేసి వెళ్ళింది. ఆగస్టు చివరికి రజాకార్లను నిషేధించు, సికింద్రాబాద్‌లో మా సైన్యాన్ని మళ్ళీ ఉండనివ్వు అని ఢిల్లీ అడిగింది. నిజాం కాదన్నాడు. సెప్టెంబర్ 13న సైనిక చర్య మొదలై ఐదు రోజుల్లో అయిపోయింది.

నిజంగా వద్దని పంపించగలిగింది ఫిలిప్పీన్స్. 1991లో వాళ్ళ సెనేట్ 12-11 ఓట్లతో ఒప్పందాన్ని తిరస్కరిస్తే, మరుసటి ఏడాది అమెరికా అక్కడి సుబిక్ బే నౌకా స్థావరాన్ని ఖాళీ చేసింది. అక్కడ స్థావరాలకి బదులుగా సాయం పేరుతో డబ్బిచ్చింది అమెరికా, పుచ్చుకున్నది ఫిలిప్పీన్స్, ఓటు వేసే సభ కూడా ఉంది. నిజాంకి ఈ రెండూ లేవు. ఆ ఫిలిప్పీన్సే 2014లో, చైనాతో సముద్రం గొడవ ముదిరాక, అమెరికన్ సైనికులు వంతులవారీగా వచ్చి ఉండేలా మళ్ళీ ఒప్పందం చేసుకుంది.