అసైన్‌మెంట్లు టైముకే ఇస్తాడు, లెక్కలు మాత్రం రావట్లేదు

ప్రశ్న: మా అబ్బాయి గుంటూరు దగ్గర ఒక కాలేజీలో బీటెక్ మెకానికల్ మొదటి ఏడాది పూర్తి చేశాడు. ఇంటర్ ఎంపీసీలో మంచి మార్కులు, ఈఏపీసెట్‌లోనూ మంచి ర్యాంకే వచ్చింది. అయినా గణితం, ఇంజనీరింగ్ మెకానిక్స్ సప్లీ పడ్డాయి. అసైన్‌మెంట్లన్నీ ఫోన్లో చూసి రాస్తున్నాడని ఈమధ్యే తెలిసింది. అడిగితే "చూస్తే అర్థమవుతోంది నాన్నా, సొంతంగా చేస్తే రావట్లేదు" అంటున్నాడు. బ్రాంచి మార్పించమంటారా, ట్యూషన్ పెట్టించమంటారా?
- ఒక తండ్రి, నరసరావుపేట

జవాబు: మీ అబ్బాయి మీతో నిజం చెప్పాడు. అందుకు ముందు అతన్ని మెచ్చుకోండి. చూస్తే అర్థమవుతోందంటే తెలివికి లోటేమీ లేదు. ఖాళీ కాగితం మీద సొంతంగా మొదలుపెట్టడం అలవాటు కాలేదు, అంతే. బ్రాంచి మార్పు ఆలోచన పక్కన పెట్టండి. మొదటి ఏడాది గణితం దాదాపు అన్ని బ్రాంచీలకూ ఒకటే. కంప్యూటర్ సైన్స్‌కి వెళ్లినా లీనియర్ ఆల్జీబ్రా, ప్రాబబిలిటీ తప్పవు.

ఇంటర్‌లో బాగా చేసినవాడు ఇక్కడెందుకు తడబడ్డాడని మీకు అనిపించవచ్చు. ఈఏపీసెట్‌లో 180 నిమిషాల్లో 160 ప్రశ్నలు చేయాలి. రెండేళ్లూ ఆ వేగానికే తర్ఫీదు ఇస్తారు. ప్రశ్న చూడగానే ఫార్ములా తట్టాలి, తట్టకపోతే వదిలేసి ముందుకు వెళ్లాలి. ఆ పరీక్షకి అది సరైన పద్ధతే. బీటెక్‌లో మాత్రం ఒక్క లెక్కకే అరగంట పడుతుంది, ఒక్కోసారి గంట. ఆ సంగతి పిల్లలకి ఎవరూ చెప్పరు. పది నిమిషాలు పెన్ను కదలకపోతే 'ఇది నాకు రాదు' అనుకుని ఫోన్ అందుకుంటారు.

ఒక లెక్క చెబుతాను, మీ అబ్బాయికి చూపించండి. బరువు అంతటా సమానంగా ఉన్న 5 మీటర్ల నిచ్చెనను ఘర్షణ లేని నున్నటి గోడకు ఆనించారు. బరువు 200 న్యూటన్లు. కింది కొస గోడకు 3 మీటర్ల దూరంలో ఉంది. నేల దగ్గర ఘర్షణ గుణకం 0.5. నిచ్చెన కదలకుండా ఉంది. నేల దగ్గర ఘర్షణ బలం ఎంత?

ఫార్ములా కోసం వెతికే పిల్లవాడు 0.5 ని 200తో గుణించి 100 న్యూటన్లు అని రాసేస్తాడు. అది తప్పు. బొమ్మ గీసి చూడమనండి. గోడ నున్నగా ఉంది కాబట్టి నిచ్చెనను అడ్డంగా మాత్రమే నెడుతుంది. పై కొస 4 మీటర్ల ఎత్తులో ఉంటుంది. బరువు మధ్యలో, అంటే కింది కొస నుంచి అడ్డంగా 1.5 మీటర్ల దూరంలో పనిచేస్తుంది. కింది కొస దగ్గర మొమెంట్లు (బలాన్ని దూరంతో గుణిస్తే వచ్చే తిప్పే ప్రభావం) తీసుకుంటే, గోడ బలాన్ని 4తో గుణించినా 200ని 1.5తో గుణించినా ఒకటే రావాలి. అంటే గోడ బలం 75 న్యూటన్లు. అడ్డంగా ఉన్నవి రెండే బలాలు, కాబట్టి ఘర్షణ కూడా 75. 0.5 ని 200తో గుణిస్తే వచ్చిన ఆ 100, నేల ఇవ్వగల గరిష్ఠ ఘర్షణ మాత్రమే. ఇక్కడ నిచ్చెన ఆగడానికి అంత అక్కర్లేదు.

ఇందులో పెద్ద గణితమేమీ లేదు. కష్టమంతా ఆ బొమ్మ గీయడంలో, ఎక్కడ మొమెంట్లు తీసుకోవాలో నిర్ణయించుకోవడంలో ఉంది. ఫోన్లో సొల్యూషన్ చూస్తే ఆ రెండు పనులూ ఎవరో చేసిపెట్టేస్తారు. మీ అబ్బాయికి మిగిలేది గుణకారం, భాగహారం. అది అర్థం కాకపోవడానికేముంది?

రోజూ ఒక గంటన్నర ఫోన్ వేరే గదిలో పెట్టి కూర్చోమనండి. ఇచ్చినవేమిటి, కావలసిందేమిటి అని రాసుకుని, బొమ్మ గీసి, ఒక్కో లెక్క మీద కనీసం అరగంట పట్టుబట్టాలి. అప్పటికీ కదలకపోతే సొల్యూషన్‌లో తను ఆగిన చోటు తర్వాతి ఒక్క లైను చూసి మూసేయాలి. మొత్తం చూడక తప్పని లెక్కను మర్నాడు ఏమీ చూడకుండా మళ్లీ చేయాలి. జవాబు వచ్చాక యూనిట్లు సరిచూసుకోవాలి. నిచ్చెనను దాదాపు నిటారుగా నిలబెడితే గోడ బలం సున్నాకి దగ్గర పడాలి, పడుతోందా అని కూడా చూడాలి. ఈ తనిఖీ నేర్చుకున్న పిల్లలు పరీక్షలో తమ తప్పు తామే పట్టుకుంటారు.

చాట్‌జీపీటీ లాంటివి మానిపించలేరు, మానిపించాల్సిన పనీ లేదు. ముందు తను చేసి, "నేను ఇలా చేశాను, ఎక్కడ తప్పింది?" అని అడగమనండి. అవి చెప్పిందీ ఒక్కోసారి తప్పే అవుతుంది, కాబట్టి దాన్నీ సరిచూసుకోవాలి.

ఇది సప్లీలతో తీరే విషయం కాదు. మూడో ఏడాదిలోనే గేట్ రాయవచ్చు. ఐఐటీలు, ఎన్‌ఐటీల్లో ఎంటెక్‌కి, కొన్ని ప్రభుత్వ రంగ సంస్థల ఉద్యోగాలకి ఆ స్కోరు చూస్తారు. అందులో కొన్ని ప్రశ్నలకి ఆప్షన్లే ఉండవు, వచ్చిన సంఖ్యను టైప్ చేయాలి. స్టెప్ మార్కులూ ఉండవు. సొంతంగా లెక్క చివరిదాకా తేలేనివాడికి అక్కడ చాలా కష్టం. ఇప్పుడు రెండో ఏడాదిలోనే అడుగు పెడుతున్నాడు కాబట్టి కావలసినంత సమయం ఉంది.

ట్యూషన్ విషయానికొస్తే, మాస్టారు బోర్డు మీద చేస్తుంటే పిల్లలు రాసుకునే ట్యూషన్ వద్దు. అదీ చూడటమే. కూర్చోబెట్టి చేయించి, తప్పు ఎక్కడుందో చూపించే మాస్టారు దొరికితే తప్పకుండా పంపండి. దానికన్నా ముందు కాలేజీలో సార్ దగ్గరికి వెళ్లమనండి. "సార్, రావట్లేదు" అని ఊరికే నిలబడకుండా, తను ఎక్కడిదాకా చేశాడో ఆ కాగితం తీసుకెళ్తే చాలామంది లెక్చరర్లు సంతోషంగా కూర్చోబెట్టి చెబుతారు. ఐఐటీలు, ఐఐఎస్‌సీ ప్రొఫెసర్లు చెప్పే ఎన్‌పీటెల్ కోర్సులు ఉచితంగానే చూడవచ్చు. పాఠాలు చూసి వదిలేయకుండా వాటిలో వారం వారం ఇచ్చే అసైన్‌మెంట్లు చేయాలి.

సప్లీలకి మెకానిక్స్‌తో మొదలుపెట్టమనండి. బొమ్మ అలవాటైతే అందులో మార్పు త్వరగా కనిపిస్తుంది, ధైర్యం వస్తుంది. గణితంలో డిఫరెన్షియల్ ఈక్వేషన్ల దగ్గర ఆగిపోతుంటే, ఆగేది పద్ధతి తెలియకా, ఇంటిగ్రేషన్ రాకా అని చూసుకోవాలి. చాలామంది విషయంలో రెండోదే. అదే అయితే మొహమాటపడకుండా ఇంటర్ సెకండియర్ పుస్తకం తీసి, ఇంటిగ్రేషన్ లెక్కలు ఒక పది రోజులు ఆప్షన్లు లేకుండా చేసి, అప్పుడు బీటెక్ పుస్తకానికి రమ్మనండి.