రీబిల్డ్ చేసిన టీహెచ్350 గేర్‌బాక్స్ రెండో గేరుకు ఆలస్యంగా మారుతోంది, ఎందుకు?

1970 షెవర్లే షెవెల్‌లో టీహెచ్350 ఆటోమేటిక్‌ని విప్పి, కొత్త క్లచ్ ప్లేట్లు వేసి బిగించాక, మొదటి గేరులోనే ఇంజను అరిచి అరిచి గట్టి కుదుపుతో రెండో గేరు పడుతోందా? దయచేసి గేర్‌బాక్స్ మళ్లీ దించకండి. ఇలాంటి తప్పు చాలాసార్లు బయటే దొరుకుతుంది.

ముందు వ్యాక్యూమ్, అంటే ఇంజను గాలి పీల్చే లాగుడు, చూడండి. సీట్లో కూర్చున్నప్పుడు కుడివైపు, గేర్‌బాక్స్ వెనక భాగంలో మాడ్యులేటర్ (ఆ లాగుడును బట్టి గేర్‌బాక్స్ ఆయిలు ప్రెషర్‌ని సరిచేసే భాగం) ఉంటుంది. దాని గొట్టం ఊడదీసి గేజ్ పెడితే ఐడిల్‌లో సుమారు 15 నుంచి 20 అంగుళాల పాదరసం చూపాలి. తక్కువుంటే గొట్టం పగిలి ఉండొచ్చు. లేదా కార్బ్యురేటర్‌లో థ్రాటిల్ ప్లేటుకి పైనున్న రంధ్రానికి తగిలించి ఉంటారు. నేరుగా ఇన్‌టేక్ మానిఫోల్డ్‌కే కలపాలి. వ్యాక్యూమ్ అందకపోతే యాక్సిలరేటర్ బాగా తొక్కినట్టే లెక్క: లోపలి ప్రెషర్ పెరుగుతుంది, కుదుపు అందుకే. గొట్టంలో ఎర్ర ఆయిలు కనిపిస్తే మాడ్యులేటర్ లోపలి డయాఫ్రమ్ (పలచని పొర) చిరిగింది. ఆ ఆయిలు ఇంజనులోకి పోయి సైలెన్సర్‌లోంచి తెల్లపొగ కూడా వస్తుంది. మాడ్యులేటర్ మార్చేయండి.

తర్వాత కిక్‌డౌన్ కేబుల్, అంటే యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కితే కింది గేరు పడేలా చేసే తీగ. పెడల్ పూర్తిగా తొక్కినప్పుడే అది చివరిదాకా లాగాలి.

పెడల్ వదిలినా గేరు అసలు మారకపోతే మాత్రం గవర్నర్‌ని (బండి వేగాన్ని బట్టి గేరు మారేలా చేసే భాగాన్ని) అనుమానించాలి. ఎడమవైపు వెనక, తీగ క్లిప్పు పట్టిన గుండ్రటి మూత కింద ఉంటుంది. దాని వాల్వు పట్టేయకుండా కదలాలి, చిన్న గేరు పళ్లు అరిగి ఉండకూడదు. రీబిల్డ్‌లో మిగిలిన చిన్న రజను చాలు, వాల్వు పట్టేయడానికి.